మన లారీ కుటుంబాలకు ఒక కాగితం కావాలి

గత రంజాన్‌కు కొద్ది రోజుల ముందు ఒక మధ్యాహ్నం మా మామూ రెండో కోడలు మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చున్నది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో లారీ ఆర్.సి., గడువు దాటిన పర్మిట్, బీమా పాలసీ, ఫైనాన్స్ వారి నోటీసు, ఆమె భర్త మరణ ధ్రువపత్రం ఉన్నాయి. "భాయ్‌జాన్, మీరు ఆఫీసులో చేసినవారు. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో మీకే తెలుస్తుంది" అన్నది.

ఆర్.సి. తీసి చూశాను. యజమాని స్థానంలో మా మామూ పేరే ఉన్నది. ఆయన కన్నుమూసి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. ఆ నాలుగేళ్ళూ చనిపోయిన మనిషి పేరు మీదనే బీమా ప్రీమియం కట్టారు, ఎఫ్.సి. చేయించారు, కిస్తీలు చెల్లించారు. లారీ నడిపింది మాత్రం ఆయన రెండో కొడుకు. ఒంగోలు దాటిన తర్వాత తెల్లవారుజామున జరిగిన ప్రమాదంలో అతడు పోయినాడు. యజమానే డ్రైవరైనప్పుడు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఈ కుటుంబానికి రాదని బీమా కార్యాలయంలో చెప్పారట. కాగితం ప్రకారం చనిపోయినవాడు యజమాని కాడు. యజమాని ప్రమాదం నాటికి జీవించి లేడు.

నేను రెవెన్యూ శాఖలో గుమస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రాల దరఖాస్తులు ఎన్నో నా బల్ల మీదుగా పోయినాయి. పరాయివారి కాగితాలలో ఒక అక్షరం తప్పినా పట్టుకొన్న నేను, మా మామూ ఇంటి లారీ కాగితం ఎవరి పేరిట ఉన్నదో ఒక్కనాడూ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ పశ్చాత్తాపం ఒక కారణం. అటువంటి కుటుంబాలు మన మధ్య ఇంకా అనేకం ఉన్నాయన్నది రెండో కారణం.

చిల్లకూరు గూడూరును ఆనుకొని, మద్రాసు–కలకత్తా రహదారి మీద ఉన్న ఊరు. మా చిన్నతనంలో దానిని జాతీయ రహదారి 5 అనేవారు, ఇప్పుడు 16 అంటున్నారు. మద్రాసు ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు. సాయంత్రం లోడు ఎత్తితే తెల్లవారేసరికి మద్రాసు మార్కెట్టులో దించవచ్చు. లోడుకు కొదవ లేని ప్రాంతమిది. సైదాపురం వైపు నుంచి అభ్రకం, గూడూరు మార్కెట్టు నుంచి నిమ్మకాయలు, నెల్లూరు మిల్లుల నుంచి బియ్యం, మా మండలంలోని మోమిడి, బల్లవోలు, చింతవరం వైపు నుంచి గాజు పరిశ్రమకు కావలసిన సిలికా ఇసుక, తర్వాతి కాలంలో తీరం వెంబడి చెరువుల రొయ్యలు, 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైన తరువాత అక్కడి సరుకు. భూమి లేని కుటుంబాలకు రహదారే పొలమైంది. మన ఇళ్ళలో మెకానిక్కులు, టింకర్లు, ఎలక్ట్రీషియన్లు, క్లీనర్లు, డ్రైవర్లు ఎందరో ఉండటానికి మూలం ఇదే.

మా మామూ 1960ల తొలి సంవత్సరాలలో ఒక లారీకి క్లీనరుగా ఎక్కినాడు. రాత్రి టైర్ల కింద రాయి పెట్టడం, పట్టా కట్టడం, తెల్లవారి రేడియేటరులో నీళ్ళు పోయడం ఆయన మొదటి ఉద్యోగం. ఏడెనిమిది ఏళ్ళకు స్టీరింగు దొరికింది. 1978లో, మామానీ ఒంటిమీది బంగారం అమ్మగా వచ్చిన డబ్బుకు ఫైనాన్సు తోడు చేసి, ఒక పాత టాటా లారీ కొన్నాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో దానిని బెంజి లారీ అనేవారు. టాటావారు జర్మనీ సంస్థతో కలిసి 1954 నుంచి లారీలు తయారుచేసినందువల్ల, 1969లో ఆ పొత్తు ముగిసినా జనం నోట ఆ పేరు నిలిచిపోయింది. తరువాత ఆయన ఎన్నూరు కర్మాగారంలో తయారైన లేలాండు కొన్నాడు. మంచి రోజుల్లో ఇంటి ముందు మూడు లారీలు నిలబడేవి. ముగ్గురు కొడుకులూ ఆ లారీల మీదనే పెరిగారు.

ఆ వ్యాపారాన్ని పెంచినవీ ఇరుకున పెట్టినవీ ప్రభుత్వ నిర్ణయాలే. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత ప్రైవేటు బస్సు మార్గాలు క్రమంగా జాతీయమయ్యాయి. కృష్ణా జిల్లా బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడినా ఆ ప్రవాహం ఆగలేదు. సరుకు రవాణా మాత్రం కుటుంబాల చేతిలోనే ఉండిపోయింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ సంపాదించడమే ఒక ఆస్తి సంపాదించినట్లు. 1975లో జాతీయ పర్మిట్లు వచ్చాయి. 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చి పర్మిట్ల కట్టడిని సడలించింది. లారీ కొనగలిగినవాడికి పర్మిట్ దొరికింది. లారీలు పెరిగాయి, బాడుగ కోసం పోటీ పెరిగింది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తొలగాయి. తడ దగ్గర భీమునివారిపాలెంలో గంటల తరబడి బారులు తీరిన లారీలను చూసినవారికి ఆ మేలు ఎంతటిదో తెలుసు. అయితే 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు, 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి ఫాస్టాగ్ వచ్చాయి. నోటి మాట మీద, చేతి డబ్బు మీద నడిచిన వ్యాపారం ఇరవై ఏళ్ళలోపే కాగితం మీదికి, ఆపై ఫోను మీదికి మారిపోయింది. మామూ కుటుంబం డ్రైవింగులో ఎంత నేర్పరి అయినా ఈ మార్పులో వెనుకబడింది.

ఇతర కుటుంబాలు ఇదే రహదారి మీద ఎలా ఎదిగాయో చూడవలసి ఉన్నది. 1911లో మదురైలో టి.వి. సుందరం అయ్యంగారు బస్సులతో మొదలుపెట్టిన సంస్థ పేరులోనే 'అండ్ సన్స్' అని చేర్చుకొన్నది. ఆ కుటుంబ సంస్థలు తరతరాలకు విస్తరించాయి. 1976లో కర్ణాటకలోని గదగ్‌లో విజయ్ సంకేశ్వర్ ఒక్క లారీతో సరుకు రవాణా ఆరంభించినాడు. 1983లో దానిని కంపెనీగా నమోదు చేయించినాడు. వి.ఆర్.ఎల్. పేరుతో అది 2015లో స్టాక్ మార్కెట్టుకెక్కింది. మా మామూ మొదటి లారీ కొన్నది 1978లో, అంటే అంతటి సంస్థకూ మా మామూ లారీకీ ఆరంభంలో ఉన్న తేడా రెండేళ్ళు మాత్రమే.

ఈ పోలికను పట్టుకొని మనవారిని నిందించడం అన్యాయం. సుందరం అయ్యంగారు బస్సులకు ముందే చదువుకొని ఉద్యోగాలు చేసినవాడు. సంకేశ్వర్ కుటుంబానికి ముద్రణ, ప్రచురణ వ్యాపారం ఉండేది. క్లీనరుగా ఎక్కినవాడికి అటువంటి ఆసరా లేదు. అయినా ఒక్క విషయం గమనించాలి. ఆ కుటుంబాలలో మనిషి వేరు, సంస్థ వేరు. మనిషి పోయినా సంస్థ పేరిట పర్మిట్, బ్యాంకు ఖాతా, బాడుగ ఒప్పందం కొనసాగుతాయి. మన ఇళ్ళలో యజమాని శ్వాస ఆగిన క్షణాన వ్యాపారానికి చట్టం దృష్టిలో ఆధారం పోతున్నది.

ఇందుకు మన వారసత్వ విధానంలోనే ఒక కారణం ఉన్నది. ఉమ్మడి హిందూ కుటుంబాన్ని చట్టం ఒక యూనిట్‌గా గుర్తిస్తుంది. ఆదాయపు పన్ను శాఖ కూడా గుర్తిస్తుంది. 1937 షరియత్ అనువర్తన చట్టం ప్రకారం వారసత్వం నడిచే మన కుటుంబాలకు అటువంటి ఉమ్మడి ఆస్తి అనే భావన లేదు. తండ్రి జీవించి ఉన్నంతవరకు ఆస్తి ఆయనదే. ఆయన పోయిన క్షణాన అది నిర్ణీత వాటాలుగా వారసులకు చెందుతుంది. అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండుకొని, ఒకే లారీ మీద బతికినా చట్టానికి అది ఉమ్మడి కుటుంబ వ్యాపారం కాదు.

మామూ ఇంటినే లెక్క తీసుకోండి. ఆయన పోయేనాటికి మామానీ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిని 64 భాగాలు చేస్తే మామానీకి 8, ఒక్కొక్క కొడుకుకు 14, ఒక్కొక్క కూతురికి 7. స్పష్టమైన, న్యాయమైన లెక్క. కానీ లారీని 64 ముక్కలుగా కోయలేము. కనుక మామూ ఇంట్లో జరిగినదేమిటి? పెద్దవాడు ఒక లారీ, రెండోవాడు ఒక లారీ పట్టుకొన్నారు. మూడోది అమ్మి అప్పులు తీర్చి, మిగిలినది మూడోవాడికి ఇచ్చారు. కూతుళ్ళను ఎవరూ అడగలేదు, వారూ నోరు విప్పలేదు. ఆర్.సి. మార్చాలంటే వారసులందరి సంతకాలు కావాలి. చెల్లెళ్ళను సంతకం అడిగితే వాటా మాట వస్తుంది. ఆ మాట రాకూడదని కాగితం కదపలేదు. అక్కాచెల్లెళ్ళ హక్కును దాచిన ఆ మౌనమే చివరికి వదినను, పిల్లలను పదిహేను లక్షలకు దూరం చేసింది. ఈ మాట రాయడానికి నాకు చేదుగా ఉన్నా రాయక తప్పదు.

అప్పును రాతలో పెట్టమని, సాక్షులను నిలుపుకోమని ఆదేశించిన బఖరా సూరాలోని 282వ ఆయత్ ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైనది. దానిని పఠించే మన ఇళ్ళలో వ్యాపారం నోటి మాట మీద నడవడం విచిత్రం. అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకు, అది అపనమ్మకం కాదా అని పెద్దలు అంటారు. అన్నదమ్ములు బతికి ఉన్నప్పుడు ఆ మాట నిజమే కావచ్చు. వారి తరువాత మిగిలే భార్యలకు, పిల్లలకు నమ్మకం ఇచ్చేది కాగితమే.

తప్పు అంతా మనదేనని చెప్పి ప్రభుత్వాన్ని, బ్యాంకులను విడిచిపెట్టలేను. 1969లో పెద్ద బ్యాంకులు జాతీయమైనప్పుడు చిన్న లారీ యజమానికి కూడా అప్పు పుడుతుందని ఆశపెట్టారు. చిన్న రవాణాదారుల రుణాలను ప్రాధాన్య రంగంలో చేర్చారు. 2006లో సచార్ కమిటీ తేల్చినదేమిటి? ప్రాధాన్య రంగ ఖాతాలలో ముస్లింల సంఖ్య సుమారు 12 శాతం ఉన్నా, ఇచ్చిన రుణ మొత్తంలో వారి వాటా 5 శాతానికి లోపే. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలను రుణాలకు అనుకూలం కానివిగా చూస్తున్నాయని కూడా ఆ నివేదిక నమోదు చేసింది. బ్యాంకు తలుపు తెరవకపోతే మిగిలేది ప్రైవేటు ఫైనాన్సు. పాత లారీకి అప్పిచ్చేవాడు అక్కడే ఉంటాడు. అతడు అడిగే వడ్డీ బ్యాంకు కంటే ఎక్కువ. రెండు కిస్తీలు తప్పితే లారీ దారిలోనే ఆగిపోతుంది.

వడ్డీ గురించి మన ఇళ్ళలో ఉన్న సంకోచం నాకు తెలుసు. ధర్మ నిర్ణయం చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను. అయితే బ్యాంకు వడ్డీ హరామ్ అని దూరంగా నిలబడి, అంతకంటే ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే పద్ధతి ఏ ధర్మానికీ సరిపడదు. పాలు కలుపుకొని లాభనష్టాలు పంచుకొనే భాగస్వామ్యం మన సంప్రదాయంలో ముషారకా పేరుతో ఉన్నది. దేశ చట్టంలో అదే భాగస్వామ్య సంస్థగా దొరుకుతున్నది. ముగ్గురు నలుగురు బంధువులు పొదుపు కలిపి ఒక లారీ కొనుక్కొంటే వడ్డీ ప్రశ్నా తగ్గుతుంది, సంస్థా ఏర్పడుతుంది.

లారీ ఉన్న ప్రతి ఇల్లూ చేయవలసిన పనులను ఒక గుమస్తాగా ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా, మరణం సంభవించిన ఇంట్లో గడువులు గుర్తుంచుకోవాలి. ఆర్.సి. యజమాని పోతే 30 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. అలా తెలియజేస్తే వాహనం ఎవరి ఆధీనంలో ఉన్నదో వారు మూడు నెలలపాటు నడుపుకోవచ్చు. ఆ మూడు నెలలలోగానే ఫారం 31తో యాజమాన్య మార్పుకు దరఖాస్తు చేయాలి. పర్మిట్ విషయంలోనూ 30 రోజులలో తెలపడం, మూడు నెలల వెసులుబాటు అనే నియమమే ఉన్నది. నలభయ్యో రోజు ఫాతెహా వరకు కాగితాల మాట ఎత్తకూడదని కొన్ని ఇళ్ళలో అనుకొంటారు. అప్పటికి మొదటి గడువు దాటిపోతుంది.

రెండవది, ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకొనే సదుపాయం 2021 నుంచి ఉన్నది. దానితో మార్పు సులువవుతుంది. అయితే నామినీ అయినంత మాత్రాన మిగిలిన వారసుల వాటా రద్దుకాదని నామినీ గ్రహించాలి.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఇద్దరికి మించి కుటుంబ సభ్యులు కలిసి వ్యాపారం చేస్తుంటే భాగస్వామ్య పత్రం రాసుకొని, 1932 చట్టం కింద నమోదు చేయించాలి. నమోదుకాని సంస్థ బాడుగ ఎగ్గొట్టినవాడి మీద తన ఒప్పందాన్ని పట్టుకొని దావా వేయలేదు. భాగస్వామి మరణిస్తే సంస్థ రద్దవుతుందన్నది చట్టంలోని సాధారణ నియమం. రద్దుకాదని, మిగిలినవారు కొనసాగిస్తారని, చనిపోయినవారి వారసులకు వాటా విలువ ఫలానా విధంగా చెల్లిస్తారని పత్రంలో స్పష్టంగా రాయాలి. ఇద్దరే భాగస్వాములైతే ఒకరు పోయినాక ఆ షరతు నిలవదు. అందుకే కనీసం ముగ్గురుండాలి. ఆ మూడో పేరు ఇంటి ఆడపడుచుదో, కోడలిదో ఎందుకు కాకూడదు? లారీలు సంస్థ ఆస్తి అని కూడా పత్రంలో ఉండాలి. వాహనం సంస్థ పేరుకు మారితే యజమాని-డ్రైవరు ప్రమాద బీమా వర్తించదు కనుక, నడిపేవారి పేరిట వేరుగా ప్రమాద పాలసీ తీసుకోవాలి. జీతం మీద నడిపే డ్రైవరుకు, క్లీనరుకు కూడా ఈ రక్షణ ఉండాలి.

నాల్గవది, ఆదాయపు పన్ను రిటర్ను. పది లారీలకు మించని యజమానులు వివరమైన లెక్కల పుస్తకాలు లేకుండా, లారీకి నెలకు ఇంత అని అంచనా ఆదాయం చూపి దాఖలు చేసుకొనే వీలు చట్టంలో ఉన్నది. రిటర్ను వేస్తే పన్ను మీద పడుతుందని భయపడి మానేస్తారు. వరుసగా మూడేళ్ళ రిటర్నులు లేనందువల్లనే బ్యాంకు తలుపు దగ్గర ఆగిపోతారు.

ఒక అభ్యంతరం వినబడుతున్నది. ఒక్క లారీ ఉన్నవాడికి ఇంత తతంగం ఎందుకు, పెద్ద కంపెనీలు వందల లారీలతో దిగినాక చిన్నవాడు నిలబడేది ఎన్నాళ్ళు అని. ఇందులో నిజం ఉన్నది. డీజిల్, టైర్లు, టోలు, బీమా పోగా చేతిలో మిగిలేది తక్కువ. కానీ ఈ దేశంలో సరుకు లారీల అత్యధిక భాగం ఇప్పటికీ నాలుగైదు లారీలకు మించని యజమానులదే. పెద్ద కంపెనీలు సైతం వారి లారీలను బాడుగకు తీసుకొంటున్నాయి. బాడుగకు ఇచ్చేవాడికి కాగితాలు సరిగా ఉంటే మంచి ధర, సకాలంలో చెల్లింపు అడిగే బలం ఉంటుంది. వ్యాపారం చివరికి నిలవకపోయినా, దానిని అమ్మి వాటాలు పంచుకొనే గౌరవమైన ముగింపు కుటుంబానికి దక్కుతుంది. పిల్లలు చదువుకొని వేరే ఉద్యోగాలకు పోతే అదీ మంచిదే. ముగింపు మన చేతిలో ఉండాలి, ఫైనాన్సు వారి యార్డులో కాదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా ఉన్నాయి. 1985లో ఏర్పడిన రాష్ట్ర మైనారిటీల ఆర్థిక సంస్థ పాత లారీల కొనుగోలుకు, భాగస్వామ్య సంస్థలకు ప్రత్యేక పథకం తేవాలి. 'తరుణ్' విభాగంలో ముద్రా అప్పు తీసుకొని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల దాకా ఇస్తామని 2024లో ప్రకటించారు. ఆ మొత్తంలో మైనారిటీ రవాణాదారులకు ఎంత అందిందో జిల్లాల వారీగా బ్యాంకులు ప్రకటించాలి. యజమాని మరణించిన కుటుంబానికి 30 రోజుల గడువు గురించి రవాణా శాఖే సందేశం పంపే ఏర్పాటు చేయాలి. మరణ నమోదు, వాహన నమోదు రెండూ కంప్యూటరులోనే ఉన్నప్పుడు అది పెద్ద పని కాదు. మన జమాత్‌లు నెలకొకసారి జుమా తరువాత ఒక బల్ల వేసి, పదవీ విరమణ చేసిన ఉద్యోగులను కూర్చోబెట్టి కాగితాలు చూడాలి. మా ఊళ్ళో ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధం.

మామూ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పదిహేను లక్షల కోసం చేసిన విన్నపాలు ఇంకా ఫలించలేదు. దెబ్బతిన్న లారీ ఫైనాన్సు బాకీకి పోయింది. పెద్దవాడు నడుపుతున్న లారీ ఆర్.సి. కూడా మామూ పేరిటనే ఉన్నదని తెలిసి, ఈద్ తరువాత అందరినీ మామానీ ఎదుట కూర్చోబెట్టాను. ఇద్దరు చెల్లెళ్ళూ వచ్చారు. 64 భాగాల లెక్క ఒక తెల్లకాగితం మీద రాసి చూపించాను. పెద్దవాడు చాలాసేపు తల దించుకొని కూర్చొని, "ముందే అడగవలసింది" అన్నాడు. పెద్ద చెల్లెలు తన వాటా డబ్బుగా వద్దని, భాగస్వామిగా ఉంటానని చెప్పింది. పెద్దవాడు, ఆ చెల్లెలు, భర్తను పోగొట్టుకొన్న మరదలు ముగ్గురి పేర్లతో పత్రం రాశాము. మిగిలినవారి వాటాలకు వాయిదాలు కట్టాము. నమోదు పని నడుస్తున్నది.

ఈ పత్రిక మూసిన తరువాత మీ ఇంట్లో ఉన్న లారీ, ఆటో, ట్రాక్టరు ఏదైనా సరే, దాని ఆర్.సి. తీసి పేరు చూడండి. ఆ పేరు గలవారు జీవించి ఉన్నారా? లేకపోతే రేపు ఉదయమే ఆఫీసుకు బయలుదేరండి. ఉంటే వారి సమక్షంలోనే, మీ అక్కాచెల్లెళ్ళను కూడా పిలిచి, భాగస్వామ్య పత్రం రాయించండి.